తాడు దగ్గర మనిషి

వడ్రంగి మేస్త్రి ఉలులన్నీ ఒక్కొక్కటే నూనెగుడ్డతో తుడిచి సంచీలో పెట్టుకుంటున్నాడు. ఇన్నేళ్ళు పని చేసిన చోటు నుంచి ఉన్నపళాన వెళ్ళిపొమ్మంటే ఎవరైనా ఓ తిట్టు తిడతారు, ఓ సుత్తి విసిరికొడతారు. ఆయన అదేమీ చెయ్యలేదు. చిత్రిక పొట్టంతా చీపురుతో ఓ మూలకి చేర్చాడు. బల్ల తుడిచాడు. తుడిచిన బల్ల మీద అరచెయ్యి పెట్టి, పిల్లవాడికి జ్వరం చూసినట్టు కాసేపు ఉంచి తీశాడు.

తూకాలక్క గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. చంకలో తూకాల పుస్తకం. ఈ పడవల షెడ్డులో ఆమె పని అదే. తయారవుతున్న పడవలోకి ఇంజను దగ్గర్నుంచి టీ కప్పు దాకా ఏది వెళ్ళినా ముందు ఆమె కాటా ఎక్కాలి. దాని బరువెంత, పడవ అడుగు నుంచి ఎంత ఎత్తున కూర్చోబోతోంది, రెండూ ఆమె పుస్తకంలోకి ఎక్కాలి.

"నేనేమన్నానని చెల్లెమ్మా?" అన్నాడు మేస్త్రి, తలెత్తకుండానే. "పడవ వంగింది, లేవడానికి ఆలోచిస్తోంది అన్నాను. అంతేగా."

"పడవ ఓనరమ్మ ముందు అనకుండా ఉండాల్సింది అన్నా."

"మరెవరి ముందు అనాలి? చేపల ముందా?"

మేస్త్రి సంచీ భుజానికి తగిలించుకుని, ఆమె పక్కనుంచి పోతూ ఆగాడు.

"నువ్వు కూడా ఉన్నావుగా పడవలో. నీకనిపించలేదూ?"

"నాకు అన్నీ భయమే కదన్నా. నాకనిపించేది లెక్కలోకి రాదు."

"అదీ నిజమే," అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆమెకి అనిపించింది. నిన్న మంగళవారం పడవని మొదటిసారి సముద్రంలోకి తీసుకెళ్ళినప్పుడు అందరికీ అనిపించింది, కాకపోతే అందరూ దాన్ని మెచ్చుకున్నారు. పడవ ఒక పక్కకి వంగడం మెల్లగా, అక్కడ కాసేపు నిలవడం, మళ్ళీ మెల్లగా రెండో పక్కకి రావడం. "ఊయలలో వేసినట్టుంది," అంది ఓనరమ్మ సోఫాలో కళ్ళు మూసుకుని. ఆవిడకి నడుము నొప్పి. ఆలుమగలిద్దరూ ఇల్లు అమ్మేసి ఇక మీదట ఆ పడవలోనే కాపురం ఉండి సముద్రాలు దాటాలని చేయించుకున్నారు. "మెత్తగా ఉంది. కప్పులో టీ కూడా తొణకడం లేదు." అప్పుడే మేస్త్రి తన కప్పు కింద పెట్టి ఆ మాట అన్నాడు. పడవ గీసిన పెద్దాయన అటు పక్క బెంచీ మీద పడుకుని ఉన్నాడు. లేవలేదు. తెల్లారి మేస్త్రిని పిలిచి రేపట్నుంచి రావద్దన్నాడు.

షెడ్డు పెద్దాయనది. నలభై ఏళ్ళుగా ఆయన గీసేవి ఒకే రకం పడవలు. వేగంగా పోయేవి కావు, తళతళలాడేవి కావు. దూరం పోయేవి, పోయినచోట నుంచి తిరిగొచ్చేవి. సౌఖ్యమంటే పరుపు కాదు, పడబోయినప్పుడు చేతికందే కమ్మి అంటాడు. ఆయన గీసిన గదుల్లో ఎక్కడ నిలబడినా ఒక చెయ్యి చాపితే పట్టుకోవడానికి ఏదో ఒకటి తగులుతుంది. బల్లలకి మూలలుండవు. వంటిల్లు పడవ నడిమధ్యన ఉంటుంది, ఊగు తక్కువ తగిలే చోట. గట్టిగా ఉండే పడవ గబుక్కున లేస్తుంది, కాస్త విసురుగానే లేస్తుంది. ఎవరైనా తోస్తే తూలి మళ్ళీ నిలబడే మనిషి లాగా. మరీ మెత్తగా, తీరిగ్గా ఊగుతోందంటే దానికి లేచే సత్తువ తక్కువని. పైభాగం బరువెక్కిందని. ఈ సంగతి తూకాలక్కకి నేర్పింది కూడా పెద్దాయనే.

ఈ పడవ మేడ మీదికి ఒక్కొక్కటే చేరాయి. నడుము నొప్పికి వేడినీళ్ళ రాతి తొట్టె. దాని చుట్టూ టేకు బెంచీలు. వంట చేసుకోవడానికి రాతి బల్ల. చిన్న పడవ, దాన్ని దింపే క్రేను. ఒక్కొక్కటీ చూస్తే ఎంతని? బొట్టు బొట్టే కుండ నింపేది. "మేడ బరువవుతోంది సార్," అని ఆమె రెండుసార్లు పుస్తకం తీసుకెళ్ళి చూపించింది. "పరీక్షలో తేలుతుందిలే," అన్నాడు పెద్దాయన. పరీక్ష చేశారు. అంతా భేషుగ్గా ఉందని తేలింది. పుస్తకం ఒకటి చెప్పింది, పరీక్ష ఇంకొకటి చెప్పింది. ఎవరికైనా నచ్చిన మాటే చెవికెక్కుతుంది. తూకాలక్క కాటాలో వస్తువుతో పాటు తన భయాన్ని కూడా పెట్టి తూస్తుందని షెడ్డంతా నవ్వుకున్నారు. ఆమె కూడా నవ్వింది.

కానీ ఆ పరీక్ష ఎందుకు అంత బాగా వచ్చిందో తెలిసిన మనిషి లోకంలో ఆమె ఒక్కతే.

పరీక్ష రోజున పడవని నీళ్ళలో కదలకుండా నిలబెడతారు. ఇనుప దిమ్మెల్ని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతారు. లోపల, తాపీమేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు ఒకటి పొడుగాటి దారానికి వేలాడుతూ ఉంటుంది, కింద అది ఊగకుండా నూనె తొట్టి, పక్కన స్కేలు. పడవ ఎంత ఒరిగితే దారం స్కేలు మీద అంత జరుగుతుంది. జరిగిన దాన్నిబట్టి పడవ బరువు ఎంత ఎత్తున కూర్చుందో లెక్క కడతారు. దీనికి ఒకటే నియమం: ఒడ్డుకి కట్టిన తాళ్ళు వదులుగా ఉండాలి. ఆటు వచ్చి నీరు దిగుతున్నకొద్దీ తాడు బిగుస్తుంది. బిగిసిన తాడు పడవని ఒరగనివ్వదు. అందుకని తాడు దగ్గర ఒక మనిషి నిలబడి, క్షణక్షణం చూస్తూ వదులుతూ ఉండాలి.

ఆ మనిషి ఆమే. సగం పరీక్షయ్యాక పెద్దాయన లోపల్నుంచి, "అమ్మాయ్, ఓసారి ఇలా రా," అని పిలిచాడు. వెళ్ళింది. ఆయన స్కేలు మీదికి ముక్కు ఆనించి కూర్చుని ఉన్నాడు. "నువ్వు చదువు, నేను రాస్తాను," అన్నాడు, అదేదో పని పంచుకుంటున్నట్టు. ఆమెకి అర్థమైంది. ఆయనకి గీతలు కనబడటం లేదు. ఏడాది నుంచే ఆయన బొమ్మ మీద తప్పు గీత గీస్తే ఆమె ఏమీ అనకుండా చెరిపి దిద్దుతోంది. కూర్చుని చదివింది. బయటికొచ్చి చూసేసరికి తాడు తీగలా బిగుసుకుని ఉంది. వేలితో మీటితే మోగేలా ఉంది. వదిలేసింది. అప్పటికే కాగితం మీద కొలతలన్నీ ఎక్కిపోయాయి. కింద ‘కొలత చదివినవారు’ అన్నచోట ఆమె సంతకం చేసింది.

చెబితే, తాడు దగ్గర ఎందుకు లేవని అడుగుతారు. ఎందుకు లేదో చెబితే, పెద్దాయన చూపు పోయిందని చెప్పాలి. కళ్ళు కనబడనివాడి చేత ఎవరు పడవ గీయించుకుంటారు? షెడ్డు మీద నలభై మంది బతుకుతున్నారు.

చెప్పకపోతే, పడవ సోమవారం బయల్దేరుతుంది. దాని ఇంజను చూసుకునేవాడు ఆమె తమ్ముడు.

గురువారం పొద్దున తమ్ముడు సంచీ సర్దుకుంటున్నాడు. ఇద్దరికీ ఉన్నవి రెండు గదులు. ముందు గదిలో మంచం మీద బట్టలు కుప్పగా పోసి, ఒక్కొక్కటే చుట్టలుగా చుడుతున్నాడు. ఓడల్లో తిరిగినవాళ్ళు బట్టలు మడతపెట్టరు, చుడతారు.

"ఇన్ని స్వెట్టర్లు నాకా, పడవకి బరువు చాల్లేదనా?" అన్నాడు.

"చలేస్తుంది. నీకేం తెలుసు."

"ఇంజను గదిలో చలా? అక్కా, అక్కడ చొక్కా వేసుకోడమే దండగ."

ఆమె స్వెట్టరు ఒకటి తీసి మళ్ళీ పెట్టింది. "ఎన్ని రోజులన్నావు, నేల కనబడకుండా?"

"పద్దెనిమిది. గాలి వాటంగా ఉంటే పదిహేడు. నాలుగోసారి అడగడం ఇది."

పద్దెనిమిది. ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. నిన్నట్నుంచీ వేస్తూనే ఉంది. ఇంధనం ట్యాంకులు పడవ అడుగున ఉంటాయి. నిండుగా ఉన్నప్పుడు ఆ బరువు పడవని కింద పట్టి ఉంచుతుంది. రోజూ కొంత ఖర్చవుతుంది. తొమ్మిదో రోజుకి సగం అయిపోతుంది. అడుగు తేలికవుతుంది, మేడ మాత్రం అంతే బరువుంటుంది. అంటే పడవ బయల్దేరిన రోజు కన్నా దారి మధ్యలో ఇంకా సులువుగా బోల్తాపడుతుంది. ఎక్కడా ఒడ్డు లేనిచోట.

"ఒరేయ్, ఈసారికి మానేయకూడదూ."

"మానేసి?"

"ఏముందీ. ఇంకో పడవ దొరకదా."

తమ్ముడు చుట్టిన చొక్కా పక్కన పెట్టి ఆమె మొహంలోకి చూశాడు. వాడికి నవ్వొచ్చింది. "నీకు బస్సెక్కితే భయం, మెట్లు దిగితే భయం, ఫోను మోగితే భయం. నీ మాట వింటూ కూర్చుంటే నేను ఈపాటికి మంచం దిగి ఉండేవాణ్ణి కాదు. ఏమైందో చెప్పు, మానేస్తా."

నోటిదాకా వచ్చింది. వీడికి చెబితే వీడు కెప్టెనుకి చెబుతాడు, కెప్టెను ఓనరమ్మకి చెబుతాడు, సాయంత్రానికి రేవంతా పాకుతుంది.

"ఏం లేదు. కలొచ్చింది."

"ఆ కలని కూడా తూచి రాసుకో," అన్నాడు తమ్ముడు, సంచీ తాడు బిగిస్తూ.

ఆ రోజంతా ఆమె చేతులు ఏ పని చేసినా మనసు ఊగుల్నే లెక్కపెట్టింది. గాలికి తలుపు రెక్క ఊగితే లెక్కపెట్టింది. క్రేను కొక్కెం ఊగితే లెక్కపెట్టింది. అన్నం కలుపుకుని ముద్ద తినకుండానే లేచింది.

శుక్రవారం వంటింటి గిన్నెలు తూచాలన్న వంకతో పడవెక్కింది. ఓనర్లు ఊళ్ళోకి వెళ్ళారు. కెప్టెను కాగితాల పని మీద ఆఫీసుకి పోయాడు. తమ్ముడూ, పడవ వంటాయనా ఉన్నారు. వంటాయన డబ్బాలు అరల్లో పెట్టి, దొర్లకుండా మధ్యలో తువ్వాళ్ళు కుక్కుతున్నాడు.

ఆమె ముందు తాళ్ళన్నీ వదులు చేసింది. ఒక్కోదాన్నీ రెండు మూరలు వదిలి, కిందికి వేలాడేదాకా చూసింది. తర్వాత ఇద్దర్నీ డెక్కు మీదికి పిలిచింది.

"ఇక్కణ్ణుంచి అక్కడికి నడవండి. ఆ అంచు దాకా. పడవ మీ వైపు వంగడం మొదలెట్టగానే వెనక్కి తిరిగి ఇటు రండి. ఇద్దరూ ఒక్క అడుగులా నడవాలి."

"పెళ్ళి నడకా?" అన్నాడు వంటాయన.

"నిన్ను చేసుకోవడం కన్నా సముద్రంలో దూకడం నయం," అన్నాడు తమ్ముడు.

నడిచారు. నాలుగైదు సార్లకి పడవ అందుకుంది. డెబ్భై టన్నుల పడవ ఇద్దరు మనుషుల అడుగులకి ఒరగడం మొదలెట్టింది, కొంచెం, ఇంకొంచెం. "ఆగండి. ఇక కదలకండి," అని ఆమె చేతిలో గడియారం పట్టుకుంది. పడవ అటు పోయి ఇటు వస్తే ఒకటి. అది అటు పోయి, అక్కడ నిలబడి, మళ్ళీ రావాలా వద్దా అన్నట్టు ఉండి, అప్పుడు వస్తోంది. ఒకటి. రెండు. గడియారం ముల్లు మాత్రం ఆగకుండా పరుగెత్తుతోంది. పదికి ఆమె బొటనవేలు నొక్కింది.

ఎనభై నాలుగు సెకన్లు.

"ఇంకోసారి నడవండి," అంది.

రెండోసారి ఎనభై అయిదు. మూడోసారి ఎనభై నాలుగు. మూడోసారికి వంటాయన హాస్యాలు మానేశాడు. తమ్ముడు ఆమె వెనకాలకి వచ్చి గడియారం చూశాడు. వాడు ఇంజన్ల మనిషి. మాటల్ని నమ్మకపోయినా ముల్లుని నమ్ముతాడు.

"ఎంత రావాలి?"

"యాభై అయిదు. మహా అయితే అరవై."

"ట్యాంకులు నిండుగా ఉన్నాయి. నిన్ననే నింపాను."

"తెలుసు."

తమ్ముడు మేడ వైపు తలెత్తి చూశాడు. తొట్టె మీద కప్పిన తెల్లటి గుడ్డ ఎండలో మెరుస్తోంది. కమ్మి మీద వాడి చెయ్యి ఎప్పుడు బిగుసుకుందో వాడికే తెలిసినట్టు లేదు. "పరీక్షలో బానే వచ్చిందిగా అక్కా. నువ్వేగా సంతకం పెట్టావు."

ఆమె తాళ్ళు మళ్ళీ సరిచేయడానికి ఒడ్డు మీదికి వెళ్ళిపోయింది. రోజుకి పదిసార్లు వేసే ముడి మూడుసార్లు జారింది. తమ్ముడు దిగొచ్చి, ఆమె చేతుల్లోంచి తాడు తీసుకుని ముడి వేశాడు.

"పెద్దాయనకి చెప్పు," అన్నాడు. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"నేనే చెబుతా," అంది. "నువ్వు నోరెత్తకు. దణ్ణం పెడతా."

శనివారం పెద్దాయన గది మెట్లు పదహారూ ఆమె ఎప్పటిలాగే గోడ పట్టుకుని ఎక్కింది. పదకొండో మెట్టు మీద ఒకసారి వెనక్కి తిరిగింది కూడా. మేస్త్రి ఖాళీ బల్ల పైనుంచి కనబడింది. దాని మీద అప్పుడే ఎవరో రంగు డబ్బాలు పెట్టేశారు.

పెద్దాయన కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కొత్త పడవ బొమ్మకని పరిచిన కాగితం. పెన్సిలు చేతిలో ఉంది గాని దాని మీద ఒక్క గీతా పడలేదు.

"కూర్చో."

"నిలబడతాను సార్." కూర్చుంటే లేచి పారిపోవడానికి టైము పడుతుందని కాబోలు, అలా అనేసింది. ఆ తర్వాత ఒక్క ఊపిరిలో చెప్పింది. తాడు సంగతి. ఎంత బిగిసిందో. ఎప్పుడు చూసిందో. నిన్న లెక్కపెట్టిన ఊగులు. చెబుతున్నంతసేపూ ఆయన మొహం చూడలేదు. తన చెప్పుల మీద పడిన రంగు మరకనే చూస్తూ చెప్పింది. ఆయన కళ్ళ ఊసు మాత్రం ఎత్తలేదు. తాడు దగ్గర్నుంచి తను ఎందుకు కదిలిందో ఎత్తకుండా, కదిలానని మాత్రమే చెప్పింది.

కింద ఎవరో రంపం ఆపారు.

"ఎనభై నాలుగా?" అన్నాడు పెద్దాయన.

"అవును సార్."

"నాకు ఎనభై అయిదు, ఆరు మధ్య వచ్చింది."

ఆమె తలెత్తింది.

"మంగళవారం," అన్నాడాయన. "బెంచీ మీద పడుకున్నాను కదా, నిద్రపోయాననుకున్నారు మీరంతా. వాచీ ముల్లు నాకు కనబడదు. నాడి పట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి డెబ్భై కొట్టుకుంటుంది నాది. పడవ అటు పోయి ఇటు వచ్చేసరికి పది కొట్టుకుంది. ప్రతిసారీ పదే." ఎడమ చెయ్యి మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టుకుని, ఇప్పుడు కూడా చూసుకుంటున్నట్టు కాసేపు ఆగాడు. "భయపడితే నాడి జోరెక్కుతుంది కదా, అందుకే పది వచ్చింది, నిజానికి ఏడే అయ్యుంటుంది అని సర్దిచెప్పుకున్నాను. నాలుగు రోజుల్నుంచీ అదే సర్దిచెప్పుకుంటున్నాను. రోజూ ఇక్కడ కూర్చుని నాడి చూసుకుంటున్నాను, ఎంత భయపడితే ఎంత పెరుగుతుందో అని."

"మరి మేస్త్రిని..."

"వాడు ఇంకోసారి ఆ మాటంటే నేను ఔననాల్సొచ్చేది."

ఇన్నాళ్ళూ ఈ మెట్ల కింద నిలబడి ఆయనకి భయపడింది. పైన ఆయన తన అడుగుల చప్పుడుకి భయపడుతూ కూర్చున్నాడు.

"పరీక్ష తప్పని నాకు తెలీదు," అన్నాడాయన. "పరీక్ష బాగుంది, పడవ బాలేదు. ఎలాగో అర్థం కాలేదు. గీతలోనే ఎక్కడో తప్పాననుకున్నాను. కనబడక, ఎక్కడో." ముందున్న కాగితం పక్కకి జరిపాడు. "తాడని ఇప్పుడు నువ్వు చెబితే తెలిసింది. నీ పుస్తకమే సరి అన్నమాట."

"సోమవారం పడవ వెళ్ళకూడదు సార్," అంది ఆమె. తన గొంతేనా అనిపించింది. "నా తమ్ముడున్నాడు అందులో."

"నీ తమ్ముడు లేకపోయినా వెళ్ళకూడదు."

ఆమెకి సిగ్గేసింది. ఆయన సొరుగు లాగి, చేత్తో తడిమి, పరీక్ష కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. "చదివిన మనిషి సంతకం కొట్టేస్తే ఇది చెల్లదు. రేపు మళ్ళీ చెయ్యాలి. ఎందుకు కొట్టేశారని అడుగుతారు."

"తాడు దగ్గర లేనని చెబుతాను."

"ఎందుకు లేవంటారు."

"మరచిపోయానంటాను."

పెద్దాయన వద్దని అనలేదు. ఆమె వంగి తన సంతకం మీద అడ్డంగా గీత కొట్టింది. గీత వంకరగా పోయింది. ఆయన చెయ్యి చాపి, ఆ గీత ఎక్కడుందో వేలితో తడిమి చూశాడు.

"మేస్త్రి ఇల్లెక్కడో నీకు తెలుసా?" అన్నాడు. "నన్ను తీసుకెళ్తావా? మెట్లు నా కంటికి సరిగ్గా ఆనవు."

మేస్త్రి ఇంటి ముందు రెండు కుర్చీల కాళ్ళు బిగిస్తూ కూర్చున్నాడు. పెద్దాయన ఆమె మోచెయ్యి పట్టుకుని రావడం చూశాడు, లేవలేదు.

"రేపు పరీక్ష మళ్ళీ పెడుతున్నాను. నువ్వు రావాలి," అన్నాడు పెద్దాయన.

"ఎందుకు? మళ్ళీ పంపించడానికా?"

"నువ్వన్నది నిజం. అందుకే పంపించాను. తప్పు నాది."

మేస్త్రి కుర్చీ కాలు గట్టిగా ఉందో లేదో కదిపి చూశాడు. ఇంకోసారి కదిపాడు. "మేడ మీద టేకు బెంచీలు నేను పెట్టినవే," అన్నాడు చివరికి. "అంత మంచి పని ఈ చేతుల్తో నేను మళ్ళీ చెయ్యలేను. అవి తీసెయ్యాలంటారా?"

"తీసెయ్యాలి."

"ఇంకెవరి చేతా ముట్టించొద్దు. సుత్తులేసి బద్దలు కొడతారు, వెధవలు. నేనే వస్తాను."

ఆదివారం ఉదయం పోటు నిండుగా ఉన్నప్పుడే మొదలుపెట్టారు. ఓనరమ్మ పడవ దిగి ఒడ్డు మీద నిలబడింది. ఆవిడ భర్త కెప్టెనుతో గుసగుసలాడుతున్నాడు. ఇనుప దిమ్మెలు డెక్కు మీద వరసగా ఉన్నాయి. తూకాలక్క తాడు దగ్గర నిలబడింది.

"మొదటిసారి తప్పెలా జరిగింది?" అంది ఓనరమ్మ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది తూకాలక్కకి. "తాడు దగ్గర ఎవరూ లేరా? ఉండాల్సింది ఎవరు?"

షెడ్డు మనుషులందరి చూపులూ ఆమె మీదికే వచ్చాయి. మరచిపోయానని చెప్పాలి. రాత్రంతా ఆ ముక్కే వల్లించుకుంది. నోరు తెరిచింది.

"ఉండాల్సిన మనిషి ఉంది," అన్నాడు పెద్దాయన. పడవ కమ్మి పట్టుకుని డెక్కు మీద నిలబడి ఉన్నాడు. "నేనే లోపలికి పిలిచాను. నాకు కళ్ళు కనబడవమ్మా. ఏడాదైంది. స్కేలు చదవడానికి ఆమెని పిలిచాను. ఈ సంగతి దాచడానికి ఆమె తన తప్పని చెప్పబోతోంది. చెప్పనివ్వకండి."

వంటాయన చేతిలో కప్పు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఓనరమ్మ పెద్దాయన వైపు చూసింది, ఆయన చూపు తన మీద కాకుండా కాస్త పక్కగా ఆగి ఉండటం అప్పుడే గమనించినట్టు. తర్వాత చెప్పులు విడిచి పడవెక్కింది.

"ఈసారి స్కేలు నేను చదువుతాను," అంది.

దిమ్మెలు జరిపారు. తూకాలక్కకి లోపలేం జరుగుతోందో కనబడదు. ఆమె చూడాల్సింది తాడు. నీరు దిగడం మొదలైంది, రాళ్ళ మీద తడి గీత బయటపడుతోంది. తాడు కొద్దిగా బిగిస్తే కొద్దిగా వదిలింది. మళ్ళీ వదిలింది. మొదటి దిమ్మెకి లోపల్నుంచి ఓనరమ్మ గొంతు అంకె చెప్పింది. రెండో దిమ్మెకి చెప్పింది. మూడో దిమ్మెకి ఆలస్యమైంది. మేస్త్రి దిమ్మె దించి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పడవ ఒరిగింది. కళ్ళతో చూస్తే తెలిసేటంతగా ఒరిగింది. నాలుగో అంకె ఓనరమ్మ చాలా మెల్లగా చెప్పింది, ఒడ్డు దాకా వినబడలేదు.

అంతా అయ్యాక ముందు బయటికొచ్చింది తమ్ముడు. ఒడ్డు మీదికి దూకి, ఆమె పక్కన ఇనుప గుంజ మీద కూర్చున్నాడు.

"ఎంత?" అంది ఆమె, తాడు మీంచి చూపు తిప్పకుండా.

"నువ్వు రాసుకున్నంతే. పుస్తకంలో ఉన్నంతే."

ఆమె తలూపింది. గర్వం రాలేదు. తాడు చేతిలో ఉండగానే నేల మీద కూలబడింది. ఇన్ని రోజులూ నిలబెట్టింది భయమేనేమో, ఇప్పుడది పట్టు వదిలింది.

లోపల ఓనరమ్మ ఏదో అడుగుతోంది, పెద్దాయన జవాబు చెబుతున్నాడు. తొట్టె, రాతి బల్ల, బెంచీలు, క్రేను అన్న మాటలు వినబడుతున్నాయి. "కళ్ళు లేకుండా గీసింది నేను ఎలా నమ్మను?" అన్నది మాత్రం స్పష్టంగా వినబడింది. దానికి పెద్దాయన ఏమన్నాడో వినబడలేదు. షెడ్డు గుమ్మంలో నలుగురు నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

"అక్కా," అన్నాడు తమ్ముడు. "వెళ్ళి ఉంటే? పదో రోజున, పదకొండో రోజున?"

ఆమెకి ఆ లెక్క కూడా తెలుసు. చెప్పదలుచుకోలేదు. వాడు కదలకుండా కూర్చున్నాడు.

"ఏమీ కాకపోనూవచ్చు," అంది.

"ఏమైనా అయితే?"

"మీకు ముందుగా తెలిసేది కాదురా. ఇంకా మెత్తగా ఊగేది. హాయిగా నిద్ర పట్టేది మీకు."

తమ్ముడు లేచి, పడవెక్కి, మేస్త్రి వెనకాలే స్పానరు తీసుకుని మేడ మీదికి వెళ్ళాడు.